సీసాలో ఆదా.. కంటికి చేటు

* కాంటాక్ట్ లెన్స్‌ల ద్రావణం ఎంపికలో, వాడకంలో అశ్రద్ధ తగదు
* నిన్నటి ద్రావణం నేడు పనికిరాదు.. నీటితో కడగరాదు
* కన్ను ఎర్రబడితే అదే రోజు వైద్యుణ్ని సంప్రదించాలి

నిజామాబాద్, బోధన్: పెళ్లిచూపుల నాటికి ముఖంపై కళ్లద్దాలు కనిపించరాదని కొందరు, ఆటల పోటీల్లో అద్దాలు అడ్డు వస్తున్నాయని మరికొందరు, చూపు బాగున్నా కనుపాపకు రంగు కావాలని ఇంకొందరు కాంటాక్ట్ లెన్స్‌లను ఆశ్రయిస్తున్నారు. లెన్స్ కొనే రోజున పవరు ఎంత, రంగు ఏది, ధర ఎంత అని అడిగేవారే ఎక్కువ. దానిని ప్రతి రాత్రీ శుభ్రపరిచే ద్రావణం ఎలాంటిది, ఎలా వాడాలి అని అడిగేవారు తక్కువ. సీసా అడుగంటే సమయానికి డబ్బీలో మిగిలిన పాత ద్రావణంలోనే నాలుగు చుక్కలు కలిపి సరిపెట్టేవారు ఉన్నారు. అదీ లేకుంటే కుళాయి నీరు, బోరు నీరు పోసేవారూ లేకపోలేదు. చేతిలో మిగిలేది కొద్దిపాటి డబ్బు. పోయేది కంటిచూపు కావచ్చు.

నల్లగుడ్డుపై పారదర్శకంగా ఉండే పొరనే కార్నియా అంటారు. దాని మందం మధ్యభాగంలో సుమారు అర మిల్లీమీటరు మాత్రమే. అందులో రక్తనాళాలు ఉండవు. కన్ను తెరిచి ఉన్నప్పుడు దానికి కావలసిన ప్రాణవాయువులో అధికభాగం కన్నీటి ద్వారా గాలి నుంచే అందుతుంది. కాంటాక్ట్ లెన్స్ సరిగ్గా ఈ పొర మీదనే కూర్చుంటుంది. లెన్స్‌పై సూక్ష్మక్రిములు చేరితే రెప్పలు ఆర్పినా, కన్నీరు వచ్చినా అవి తొలగిపోవు. కార్నియాపై కనిపించని గీత పడితే చాలు, క్రిములు లోపలికి దిగి పుండు చేస్తాయి. పుండు మానినా అక్కడ తెల్లని మచ్చ మిగులుతుంది. పల్లెల్లో 'కంట్లో పువ్వు వేసింది' అనేది దీనినే. ఆ మచ్చ నల్లగుడ్డు నడుమ పడితే ఎదుటి మనిషి ముఖం కూడా ఆనదు.

ప్రపంచాన్ని కలవరపరచిన 2006

ద్రావణం విషయంలో అశ్రద్ధ ఎంత దూరం తీసుకువెళుతుందో 2006లో ప్రపంచానికి తెలిసివచ్చింది. సింగపూర్, హాంకాంగ్‌లలోనూ, ఆ తరువాత అమెరికాలోనూ మెత్తని కాంటాక్ట్ లెన్స్‌లు ధరించే వారిలో 'ఫ్యుజేరియం' అనే శిలీంధ్రం వల్ల కార్నియా పుండ్లు ఒక్కసారిగా పెరిగాయి. అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం 164 కేసులను నిర్ధారించింది. వారిలో 55 మందికి, అంటే సుమారు మూడోవంతు మందికి, కార్నియా మార్పిడి చేయడమో, చేయాలని నిర్ణయించడమో జరిగింది.

దర్యాప్తులో బాష్ అండ్ లాంబ్ సంస్థకు చెందిన 'రెన్యూ విత్ మాయిశ్చర్‌లాక్' అనే ద్రావణంతో ఈ వ్యాధికి సంబంధం ఉన్నట్లు తేలింది. 2006 మే నెలలో ఆ సంస్థ ఈ ద్రావణాన్ని ప్రపంచ మార్కెట్ నుంచి శాశ్వతంగా ఉపసంహరించుకుంది. అయితే ఇందులో గమనించవలసిన విషయం మరొకటి ఉంది. కర్మాగారంలో గాని, గిడ్డంగిలో గాని, మూత తీయని సీసాల్లో గాని ఫ్యుజేరియం దొరకలేదు. రోగుల కళ్ల నుంచి సేకరించిన శిలీంధ్రాలు కూడా ఒకే రకానికి చెందినవి కావు. అంటే క్రిమి సీసాలో రాలేదు. ఇంట్లో, చేతిలో, డబ్బీలో, పరిసరాల్లో ఉన్న శిలీంధ్రాన్ని చంపవలసిన ద్రావణం ఆ పని చేయలేకపోయింది.

మరుసటి సంవత్సరం మరో పాఠం ఎదురైంది. నీటిలోను, మట్టిలోను జీవించే 'అకాంతమీబా' అనే ఏకకణ జీవి వల్ల లెన్స్ ధరించేవారిలో తీవ్రమైన పుండ్లు ఏర్పడినట్లు గుర్తించడంతో 2007 మే నెలలో అడ్వాన్స్‌డ్ మెడికల్ ఆప్టిక్స్ సంస్థ 'కంప్లీట్ మాయిశ్చర్‌ప్లస్' ద్రావణాన్ని వెనక్కి రప్పించింది. డబ్బీలోని పాత ద్రావణాన్ని పారబోయకుండా దానిపైనే కొత్తది పోసే అలవాటు కూడా ఈ వ్యాధికి దోహదం చేసినట్లు పరిశీలనల్లో వెల్లడైంది.

మన పొలాల్లోనూ అదే శిలీంధ్రం

ఫ్యుజేరియం ఎక్కడో సముద్రాల ఆవల ఉండేది కాదు. చెరకులో ఎండు తెగులు కలిగించే శిలీంధ్రాలు ఈ ప్రజాతికి చెందినవే. పొలం మట్టిలో, కుళ్లిన ఆకుల్లో, ధాన్యపు దుమ్ములో ఇది సహజంగానే ఉంటుంది. హైదరాబాద్‌లోని ఎల్వీ ప్రసాద్ నేత్ర వైద్య విజ్ఞాన సంస్థ 1991 నుంచి 2000 వరకు ప్రయోగశాలలో నిర్ధారించిన 1,352 శిలీంధ్ర కార్నియా వ్యాధుల వివరాలను పరిశీలించగా, మొదటి స్థానం ఫ్యుజేరియందేనని తేలింది. దాదాపు 37 శాతం కేసులకు అదే కారణం. రెండో స్థానం ఆస్పర్‌జిల్లస్‌ది. రోగుల్లో సగానికి పైగా కంటికి ఏదో ఒక దెబ్బ తగిలినవారే.

మన ప్రాంతంలో ఇలాంటి పుండ్లు ఎక్కువగా వచ్చేది లెన్స్ ధరించేవారికి కాదు. కోతల సమయంలో వరి ఆకో, చెరకు ఆకో, పుల్లో, ధూళో కంట్లో పడిన రైతులకు, కూలీలకు వస్తాయి. అకాంతమీబా కూడా మన దేశంలో ఎక్కువగా లెన్స్ ఎరుగని వారిలోనే, కలుషిత నీటి వల్ల, దెబ్బల వల్ల కనిపిస్తోంది. కనుకనే ఇక్కడ లెన్స్ ధరించేవారు రెట్టింపు జాగ్రత్త పాటించవలసి ఉంటుంది. బోధన్, రెంజల్, ఎడపల్లి, కోటగిరి, వర్ని మండలాల్లో పొలం దాదాపు ఇంటి గుమ్మం వరకూ ఉంటుంది. శక్కర్‌నగర్ చక్కెర కర్మాగారం 2015 డిసెంబరులో మూతపడినా, చెరకు సాగు తగ్గినా, వరి కోతల ధూళి, నూర్పిడి పొట్టు, నిజామాబాద్ మార్కెట్ యార్డులో పసుపు దుమ్ము తగ్గలేదు. పగలంతా అందులో తిరిగిన చేతులే రాత్రి లెన్స్‌ను తాకుతున్నాయి.

ఏ ద్రావణం దేనికి?

దుకాణంలో ఒకేలా కనిపించే సీసాలన్నీ ఒకే పని చేయవు. ముఖ్యంగా ఈ తేడాలు తెలుసుకోవాలి.

బహుళ ప్రయోజన ద్రావణం: మెత్తని లెన్స్‌లు వాడేవారిలో అత్యధికులు వాడేది ఇదే. కడగడానికి, రుద్దడానికి, రాత్రంతా నానబెట్టి క్రిములను చంపడానికి ఒకే సీసా సరిపోతుంది. ఇందులోని క్రిమిసంహారకం తక్కువ మోతాదులో ఉంటుంది కనుక నిర్దేశించిన సమయం నానితేనే పనిచేస్తుంది. రకాన్ని బట్టి సాధారణంగా నాలుగు నుంచి ఆరు గంటలు పడుతుంది. కొందరికి ఇందులోని రసాయనాలు పడక కళ్లు మండడం, ఎర్రబడడం జరుగుతుంది. అలాంటివారు వైద్యుని సలహాతో మరో రకానికి మారాలి.

హైడ్రోజన్ పెరాక్సైడ్ ద్రావణం: మూడు శాతం గాఢత గల ఈ ద్రావణం క్రిములను బాగా చంపుతుంది. నిల్వ కోసం కలిపే రసాయనాలు పడనివారికి అనుకూలం. అయితే దీనిని తనతో వచ్చే ప్రత్యేక డబ్బీలోనే వాడాలి. ఆ డబ్బీ అడుగున ఉండే ప్లాటినం పూత బిళ్ల పెరాక్సైడ్‌ను క్రమంగా నీరుగా, ప్రాణవాయువుగా విడగొడుతుంది. దీనికి కనీసం ఆరు గంటలు పడుతుంది. కొన్ని రకాల్లో బిళ్లకు బదులు మాత్ర వేస్తారు. సమయం చాలక ముందే లెన్స్ తీసి పెట్టుకున్నా, పొరపాటున సీసా నుంచి నేరుగా కంట్లో వేసుకున్నా భరించలేని మంట పుడుతుంది, కార్నియా దెబ్బతింటుంది. అలా జరిగితే లెన్స్ వెంటనే తీసివేసి, కంటిని శుభ్రమైన నీటితో ధారాళంగా కడిగి వైద్యుని వద్దకు వెళ్లాలి. ఇంట్లో ఇద్దరు వేర్వేరు ద్రావణాలు వాడుతుంటే సీసాలను వేర్వేరు చోట్ల ఉంచడం క్షేమం.

సెలైన్: ఇది శుద్ధి చేసిన ఉప్పునీరు మాత్రమే. లెన్స్‌ను తొలచడానికి పనికివస్తుంది తప్ప క్రిములను చంపదు. ధర తక్కువ అని రాత్రి ఇందులోనే నానబెట్టడం పెద్ద పొరపాటు. ఇంట్లో ఉప్పు కలిపి తయారుచేసిన నీరు మరింత ప్రమాదకరం.

తడి చుక్కలు: లెన్స్ పొడిబారినప్పుడు కంట్లో వేసుకునేవి. శుభ్రపరిచే శక్తి వీటికి లేదు.

గట్టి లెన్స్‌ల ద్రావణం: కార్నియా శంఖువులా ముందుకు పొడుచుకువచ్చే 'కెరటోకోనస్' వ్యాధి ఉన్నవారికి, మరికొందరికి వైద్యులు గట్టి లెన్స్‌లు ఇస్తారు. వీటికి శుభ్రపరిచే ద్రావణం, నానబెట్టే ద్రావణం వేరుగా ఉంటాయి. మెత్తని లెన్స్‌ల ద్రావణాన్ని వీటికి, వీటి ద్రావణాన్ని మెత్తని లెన్స్‌లకు వాడరాదు.

ఒక్కరోజు వాడి పారవేసే లెన్స్‌లకు ద్రావణమే అక్కరలేదు. ఎప్పుడో పెళ్లికో, పండుగకో మాత్రమే లెన్స్ పెట్టుకునేవారికి ఇవే మేలు. అయితే వీటిని దాచి మరునాడు పెట్టుకోవడం తగదు. అందంకోసం ధరించే రంగు లెన్స్‌లు కూడా వైద్యపరికరాలే. పెళ్లి అలంకరణలో ఒకరికి పెట్టిన లెన్స్‌ను మరొకరికి పెట్టడం, స్నేహితురాళ్లు మార్చుకోవడం ఎంతమాత్రం కూడదు.

కొనేటప్పుడు ఇవి చూడాలి

లెన్స్ ఇచ్చిన నేత్ర వైద్యుడు లేదా దృష్టి నిపుణుడు ఏ ద్రావణం రాశారో దానినే అడగాలి. 'అది లేదు, ఇదీ అదే' అని దుకాణదారు మరొకటి ఇస్తే తీసుకోకుండా ముందు వైద్యునికి ఫోన్ చేయడం మంచిది. పెట్టెపై క్రిమిసంహారక ద్రావణమని స్పష్టంగా ఉందా, ఏ రకం లెన్స్‌లకు అని రాశారా, సీలు చెక్కుచెదరకుండా ఉందా, బ్యాచ్ నంబరు, తయారీ తేదీ, గడువు తేదీ ఉన్నాయా చూసుకోవాలి. బిల్లు తప్పక తీసుకోవాలి.

పెద్ద సీసా చవక అనిపిస్తుంది. కాని గడువు తేదీ మూత తీయని సీసాకే వర్తిస్తుంది. మూత తీసిన తరువాత ఎన్నాళ్లు వాడాలో పెట్టెపై విడిగా రాసి ఉంటుంది. చాలా రకాలకు అది మూడు నెలలకు మించదు. ఆ తరువాత సగం మిగిలినా పారబోయవలసిందే. తక్కువగా లెన్స్ వాడేవారికి చిన్న సీసాయే నిజమైన ఆదా. మూత తీసిన తేదీని పెన్నుతో సీసాపైనే రాసుకుంటే మరచిపోరు.

ఎండాకాలంలో జిల్లాలో ఉష్ణోగ్రత 45 డిగ్రీలకు చేరుతుంది. ఎండలో నిలిపిన కారులో, మోటారు సైకిల్ పెట్టెలో, బస్సు కిటికీ పక్కన సంచిలో సీసాను ఉంచరాదు. ప్రయాణానికి వీలుగా ఉంటుందని ద్రావణాన్ని చిన్న సీసాల్లోకి మార్చడం కూడా తప్పే. కంటి మందు ఖాళీ సీసా ఎంత కడిగినా క్రిమిరహితం కాదు.

వాడే పద్ధతి

ముందుగా చేతులను సబ్బుతో కడగాలి. నూనె, క్రీము లక్షణాలు గల సబ్బు వద్దు. నూలుపోగులు రాలని పొడిగుడ్డతో పూర్తిగా తుడుచుకోవాలి. తడి వేళ్లపై ఉన్న నీరు లెన్స్‌కు అంటరాదు. మిరపకాయలు, పసుపు తాకిన చేతులైతే మరింత శ్రద్ధగా కడగాలి.

ఎప్పుడూ ఒకే కంటి లెన్స్‌తో మొదలుపెడితే కుడి, ఎడమ తారుమారు కావు. తీసిన లెన్స్‌ను అరచేతిలో ఉంచి, కొద్దిగా ద్రావణం పోసి, వేలి కొసతో రెండు వైపులా సున్నితంగా రుద్దాలి. గోరు తగలరాదు. రుద్దనవసరం లేదని సీసాపై ఉన్నా రుద్దడమే మేలు. అలా చేస్తేనే కంటిలోని మాంసకృత్తుల పొర, దానిని అంటిపెట్టుకున్న క్రిములు ఊడివస్తాయి. తరువాత మళ్లీ ద్రావణంతో తొలిచి, తాజా ద్రావణం నింపిన డబ్బీలో పూర్తిగా మునిగేలా ఉంచాలి. పెరాక్సైడ్ రకాలకు రుద్దాలా, ఎలా తొలచాలి అనేది దానితో వచ్చే కాగితంలో ఉన్నట్లే చేయాలి. సీసా మూతి వేలికి గాని, లెన్స్‌కు గాని, డబ్బీకి గాని తగలరాదు. వాడిన వెంటనే మూత బిగించాలి.

ఒకసారి లెన్స్ నానిన ద్రావణం ఆ రాత్రికే సరి. ఉదయం లెన్స్ తీయగానే పారబోయాలి. పైకి నిర్మలంగానే కనిపిస్తుంది. కాని అందులోని క్రిమిసంహారకం అప్పటికే చాలావరకు ఖర్చయిపోయి ఉంటుంది, రాత్రి కడిగిన మలినం అందులోనే ఉంటుంది. దానికి కొత్త ద్రావణం కలపడమంటే మందును పలుచన చేసి క్రిములకు నీడనివ్వడమే.

డబ్బీని మరవరాదు

లెన్స్‌ను రోజూ కడిగేవారు కూడా డబ్బీని పట్టించుకోరు. తడిగా మూసి ఉంచిన డబ్బీ గోడలపై క్రిములు జిగట పొరగా పేరుకుంటాయి. ఆ పొరలోకి ద్రావణం సులభంగా చొరబడదు. ప్రతి ఉదయం డబ్బీని ఖాళీ చేసి, తాజా ద్రావణంతోనే కడిగి, శుభ్రమైన కాగితపు రుమాలుతో తుడిచి, మూతలు తీసి బోర్లించి ఆరనివ్వాలి. స్నానాల గదిలో, మరుగుదొడ్డి సమీపంలో ఉంచరాదు. మూడు నెలలకోసారి కొత్త డబ్బీ తీసుకోవాలి. బహుళ ప్రయోజన ద్రావణాల పెట్టెల్లో చాలావాటికి డబ్బీ ఉచితంగానే వస్తుంది. పెరాక్సైడ్ డబ్బీని కూడా కొత్త సీసాతో పాటు మార్చాలి. ఎందుకంటే ప్లాటినం బిళ్ల శక్తి కాలక్రమంలో తగ్గుతుంది.

ఏ నీరైనా వద్దు

తాగడానికి పనికివచ్చే నీరు లెన్స్‌కు పనికివస్తుందనుకోవడం సహజమే. అది నిజం కాదు. కుళాయి, బోరు, చేదబావి నీరేకాదు, శుద్ధజలం క్యానులోని నీరు కూడా క్రిమిరహితం కాదు. కడుపులోకి వెళితే హాని చేయని అమీబా కార్నియాలోకి చేరితే నెలల తరబడి వేధిస్తుంది. అది గుల్ల కట్టుకుని మందులకు లొంగకుండా ఉంటుంది. లెన్స్‌ను నాలుకతో తడిపి పెట్టుకోవడం అంతకంటే హానికరం.

స్నానానికి ముందు, ఈతకు ముందు లెన్స్ తీసివేయాలి. నిజాంసాగర్ కాలువల్లో ఈదే యువకులు, కందకుర్తి సంగమంలో, బాసర గోదావరిలో పుణ్యస్నానం చేసే భక్తులు ఈ విషయం గుర్తుంచుకోవాలి. 2015లో వచ్చిన గోదావరి పుష్కరాలు తిరిగి 2027లో రానున్నాయి. ఆ రోజుల్లో లెన్స్ ధరించేవారు కళ్లద్దాలతోనే ఘాట్లకు వెళ్లడం ఉత్తమం. పొలం పనుల్లో, నూర్పిడి కళ్లాల్లో, మార్కెట్ యార్డులోనూ కళ్లద్దాలే శ్రేయస్కరం. రాత్రి లెన్స్‌తో నిద్రించరాదు. రెప్పల కింద ప్రాణవాయువు తగ్గి కార్నియా బలహీనపడుతుంది. కనుక లెన్స్ వాడే ప్రతి ఒక్కరి వద్దా సరైన పవరుగల కళ్లద్దాలు తప్పనిసరిగా ఉండాలి. ద్రావణం అయిపోయిన రాత్రి నీటికోసం వెదకకుండా లెన్స్‌లు పక్కన పెట్టి అద్దాలు ధరించవచ్చు. కొత్త సీసా తెచ్చిన తరువాత, ఎండిన మెత్తని లెన్స్‌లను తిరిగి నానబెట్టి పెట్టుకోకుండా కొత్తవి తీసుకోవాలి.

ఎర్రబడితే ఏం చేయాలి?

నొప్పి, ఎరుపు, వెలుతురు చూడలేకపోవడం, నీరు కారడం, చూపు మసకబారడం, నల్లగుడ్డుపై తెల్లని చుక్క. వీటిలో ఏ ఒక్కటి కనిపించినా లెన్స్ వెంటనే తీసివేయాలి. తిరిగి పెట్టరాదు. 'సూడోమోనాస్' అనే బ్యాక్టీరియా సోకితే ఒకటి రెండు రోజుల్లోనే కార్నియా కరిగిపోయే ప్రమాదం ఉంది. శిలీంధ్రం అయితే నెమ్మదిగా లోతుకు దిగుతుంది. మొదట్లో చూడటానికి అన్నీ ఒకేలా ఉంటాయి. పుండును గోకి తీసిన నమూనాను సూక్ష్మదర్శినిలో పరీక్షించిన తరువాతే ఏ మందు వాడాలో తెలుస్తుంది.

ఇక్కడే చాలామంది పొరపాటు చేస్తున్నారు. మందుల దుకాణంలో 'కన్ను ఎర్రబడింది, చుక్కలు ఇవ్వండి' అని అడిగి తెచ్చుకుంటున్నారు. అలా దొరికే చుక్కల్లో కొన్నింటిలో స్టెరాయిడ్ ఉంటుంది. ఎరుపు, నొప్పి రెండు రోజులు తగ్గినట్లు అనిపిస్తుంది. ఆలోగా శరీర రక్షణశక్తి అణగిపోయి శిలీంధ్రం విజృంభిస్తుంది. ఆకు పసర్లు, ఆముదం, చనుబాలు పోయడం కూడా పుండులోకి కొత్త క్రిములను పంపడమే అవుతుంది.

వైద్యుని వద్దకు వెళ్లేటప్పుడు తీసిన లెన్స్‌లను, డబ్బీని, ద్రావణం సీసాను పారవేయకుండా వెంట తీసుకువెళ్లాలి. ఒక్కోసారి కంటి నమూనాలో చిక్కని క్రిమి డబ్బీలో చిక్కుతుంది. జిల్లా కేంద్రంలోని ప్రభుత్వ జనరల్ ఆసుపత్రితో పాటు ఖలీల్‌వాడిలో నేత్ర వైద్యులు అందుబాటులో ఉన్నారు. గోదావరి ఆవల నిర్మల్ జిల్లా ముధోల్‌లో ఎల్వీ ప్రసాద్ సంస్థకు చెందిన కంటి ఆసుపత్రి 1996 నుంచి పనిచేస్తోంది. పుండు ముదిరితే హైదరాబాద్‌లోని సరోజినీదేవి ప్రభుత్వ కంటి ఆసుపత్రికి గాని, ఎల్వీ ప్రసాద్ సంస్థకు గాని వెళ్లవలసి ఉంటుంది. మందులకు లొంగనప్పుడు మిగిలేది కార్నియా మార్పిడి. దానికి మరణానంతరం ఎవరో ఒకరు దానం చేసిన కన్ను కావాలి. శిలీంధ్రం ఉన్న కంటిలో అతికించిన కార్నియా ప్రతిసారీ నిలవదు కూడా.

సక్రమంగా వాడితే కాంటాక్ట్ లెన్స్‌లు క్షేమకరమైనవే. పెద్ద ఖర్చుతో కూడిన జాగ్రత్తలేవీ అక్కరలేదు. కడిగి ఆరబెట్టిన చేతులు, ప్రతి రాత్రీ తాజా ద్రావణం, మూడు నెలలకో కొత్త డబ్బీ, నీటికి దూరం, అనుమానం వస్తే అదే రోజు వైద్యుడు. ఈ అయిదూ పాటిస్తే చాలు. సీసాలో నాలుగు చుక్కలు మిగిల్చుకోవడం కంటే కంటిచూపును మిగుల్చుకోవడమే అసలైన పొదుపు.